హబ్ టార్కింగ్టన్ సంతకం

ఏప్రిల్ 6, సోమవారం

మా ఆయన కాజ్‌ని ఇవాళ ఆసుపత్రి నుంచి కొండ మీద, పక్షవాతం వచ్చినవాళ్లని ఉంచే హోమ్‌కి మార్చారు. అంబులెన్సులో నన్ను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. అతను దారి పొడుగునా తన కుక్క గురించి చెప్పాడు. నేను ఊఁ కొడుతూ వచ్చాను.

గది బాగానే ఉంది. కిటికీలోంచి నది, నది అవతల రైల్వే యార్డు కనిపిస్తాయి. ఉద్యోగకాలమంతా ఆ యార్డులో బళ్లకి పట్టాలు మారుస్తూ గడిపిన మనిషికి ఇంతకంటే మంచి కిటికీ ఎక్కడ దొరుకుతుంది? ఆ మాటే అతనితో అన్నాను. నా వైపు చూడలేదు, యార్డు వైపూ చూడలేదు. దుప్పటి అంచు చూస్తూ ఉండిపోయాడు.

కుడి చెయ్యి, కుడి కాలు లేవవు. మాట లేదు. మార్చిలో ఒక పొద్దున వంటింట్లో బల్ల దగ్గర కప్పు కింద పెట్టి, "బెర్నీస్, ఈ కాఫీ" అన్నాడు. అంతే. ఆ కాఫీకి ఏమయిందో ఇప్పటికీ నాకు తెలీదు. చల్లారిందా, చేదుగా ఉందా? మిగతావన్నీ డాక్టర్లు చూసుకుంటారు గానీ ఇది మాత్రం నన్ను తొలిచేస్తోంది.

ఇక్కడి డాక్టరు ప్రిచెట్ నిదానస్థుడు. కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. మే నెల సగం అయ్యేదాకా చేతికి, కాలికి, మాటకి శిక్షణ ఇస్తారు. తర్వాత అందరం కూర్చుని మాట్లాడుకోవాలి. మెరుగు కనబడితే ఇంకొన్నాళ్లు నేర్పించి ఇంటికి పంపుతారు. చుట్టూ జరిగేది అతనికి తెలుస్తోందన్న గుర్తే లేకపోతే వెనక భవనానికి మారుస్తారు. అక్కడికి వెళ్లినవాళ్లకి ఇక శిక్షణ ఉండదు. తిరిగి ఇంటికి వచ్చినవాళ్లున్నారా అని నేను అడగలేదు. బయటికి వస్తూ ఆ భవనం చూశాను. కర్టెన్లన్నీ ఒకే రంగు.

ఈ డైరీ మా అమ్మాయి లొరెట్టా కొనిచ్చింది. రాసుకుంటే మనసు తేలికపడుతుందట. దేనికైనా సరే ఒక వస్తువు కొనిచ్చేస్తే తన పని అయిపోయినట్టే దానికి.

ఏప్రిల్ 8, బుధవారం

మాట నేర్పే అమ్మాయి పేరు ట్వైలా. నవ్వితే గదంతా నవ్వినట్టుంటుంది. ఆయనకి బాగా ఇష్టమైన వస్తువేదైనా ఇంటి నుంచి తెమ్మంది. పెళ్లి ఫోటో పట్టుకెళ్లాను. కాజ్ చూసి కళ్లు మూసుకున్నాడు. అందులో నా జుట్టు దువ్విన తీరు చూస్తే నేనూ కళ్లు మూసుకుంటాను, అతన్ని అని లాభం లేదు.

అతనికి బాగా ఇష్టమైనది ఏదో నాకు తెలుసు. అది మాత్రం పట్టుకెళ్లను.

ఏప్రిల్ 9, గురువారం

సరే, రాసేస్తాను. ఇది చదివేవాళ్లెవరూ లేరు కదా.

బేస్‌బాల్ ఆటగాళ్ల ఆత్మకథలు. మేడ మీద గది నిండా అవే. ప్రతిదాని మీదా, రాసినవాడు స్వయంగా పెట్టిన సంతకం ఉంటుంది. సంతకం లేని పుస్తకం ఆ గది గుమ్మం దాటదు. పోనీ చదువుతాడా అంటే, ఒక్కటీ చదవడు. "వాళ్లు చెప్పేదంతా రేడియోలో విన్నదే, బెర్నీస్. చెయ్యి మాత్రం వాళ్లదే ఉండాలి" అంటాడు. ఆ చెయ్యి కోసం హోటళ్ల వెనక గుమ్మాల దగ్గర, ఆటగాళ్ల బస్సు ఆగే చోట, చర్చి హాళ్లలో, వానలో, మంచులో నిలబడ్డాడు. పక్కన నేనూ నిలబడ్డాను, శాండ్‌విచ్‌ల సంచీ పట్టుకుని. మా హనీమూన్ క్లీవ్‌ల్యాండ్‌లో. సరస్సు చూపిస్తానని తీసుకెళ్లి ఒకప్పుడు క్యాచర్‌గా ఆడిన ముసలాయన ఇంటి వాకిలి చూపించాడు.

"ప్రియమైన కాజ్‌కి" అని రాయబోతే చెయ్యి అడ్డం పెట్టేసేవాడు. పేరు ఒక్కటే చాలు, ఇంకేమీ వద్దు. చాలామంది ఆటగాళ్లకి కోపం కూడా వచ్చేది.

అంత గదిలో, అన్ని పుస్తకాల మధ్య, బీరువాలో ఒక్క చోట ఖాళీ ఉంచాడు. అది హబ్ టార్కింగ్టన్‌ది. ఎడమచేత్తో బంతి విసిరే పిచర్. కాజ్ నిక్కర్లు తొడుక్కునే వయసులో రేడియోకి చెవి ఆనించి విన్నది ఇతని ఆటే. ఆట మానేశాక హబ్ వెస్ట్ వర్జీనియా కొండల్లోకి వెళ్లిపోయి "మట్టిదిబ్బ మీంచి" అని, పిచర్ నిలబడి బంతి విసిరే దిబ్బ పేరుతో, పుస్తకం రాశాడు. సంతకం మాత్రం ఎవరికీ పెట్టనన్నాడు. కాజ్ పంపిన పుస్తకం విప్పకుండానే వెనక్కొచ్చింది. మళ్లీ పంపాడు, మళ్లీ వచ్చింది. అది సొరుగులో ఉంది. ఖాళీ ఖాళీగానే ఉంది.

నాకు ఆ గదంటే కోపం అని కాదు. దుమ్ము దులపడం నా వంతు కదా, అందుకని.

ఏప్రిల్ 12, ఈస్టర్

ఈస్టర్ భోజనం హోమ్‌కే పట్టుకెళ్లాం. హామ్ మాంసం, పిరోగీ కుడుములు, బీట్‌రూట్ కలిపిన ఘాటు పచ్చడి, వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మ. ఏటా ఆ గొర్రెపిల్ల తల ముందు కోసేది కాజే, అందరూ అరుస్తుంటే. ఇవాళ కత్తి ఎవరూ ముట్టుకోలేదు. గదిలో వేడికి గొర్రెపిల్ల అదే కరిగిపోయింది.

లొరెట్టా స్పూనుతో తినిపించింది. మింగాడు. ఆమె ముఖంలోకి చూడలేదు. తర్వాత నడవాలో నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నాన్న అక్కడ లేడు. నువ్వది ఒప్పుకుంటే మనిద్దరం కలిసి ఏడవచ్చు" అంది.

"నాకు నీతో కలిసి ఏడవాల్సిన పని లేదు" అన్నాను.

దాని కళ్లు నిండాయి. అది చెడ్డది కాదు. వారం వారం అంత దూరం నుంచి కారు నడుపుకుంటూ వస్తుంది. కానీ మనిషి కుర్చీలో కూర్చుని ఉండగా లేడంటే ఎలా ఊరుకోను? రేపు పుస్తకం పట్టుకెళ్తాను. అప్పుడు చూస్తుంది.

ఏప్రిల్ 14, మంగళవారం

పుస్తకం పట్టుకెళ్లాను. తలకిందులుగా పట్టుకున్నాడు.

ఏప్రిల్ 15, బుధవారం

కిటికీలోంచి ఎండ సూటిగా పడుతోంది. అందుకే అయ్యుంటుంది.

ఏప్రిల్ 17, శుక్రవారం

ఎండ లేదు. పొద్దున్నుంచీ ముసురే.

ఈసారి వేరే పుస్తకం పట్టుకెళ్లాను. ఆ క్యాచర్‌ది, హనీమూన్‌లో తెచ్చుకున్నది. సంతకం ఉన్న పేజీ తెరిచి ఎడమచేతిలో పెట్టాను. అతను చూశాడు. ఈ హోమ్‌కి వచ్చాక మొదటిసారి ఒకదాన్ని నిలకడగా చూడటం. అప్పుడు మెల్లగా పుస్తకాన్ని తిప్పి తలకిందులుగా పట్టుకున్నాడు. నేను సరిచేశాను. మళ్లీ తిప్పాడు. మళ్లీ సరిచేశాను. మళ్లీ తిప్పాడు.

ట్వైలా గుమ్మంలోంచి చూస్తోంది. లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఇలా జరుగుతూ ఉంటుందనీ, ఏది పైవైపో ఏది కిందో మెదడుకి తెలియకుండా పోతుందనీ, అది ఆయన తప్పు కాదనీ చెప్పింది. దాచలేను, రికార్డులో రాయక తప్పదు అని కూడా అంది. రాసింది.

పుస్తకం సంచీలో పెట్టుకుని వచ్చేశాను. కారులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు.

ఏప్రిల్ 20, సోమవారం

సొరుగులోంచి హబ్ పుస్తకం తీసి పోస్టులో పంపాను. లోపల ఒక కార్డు పెట్టాను. మా ఆయనకి పక్షవాతం వచ్చిందనీ, ఎడమచెయ్యి ఒక్కటే ఆడుతోందనీ, మీదీ ఎడమచెయ్యే కాబట్టి అడుగుతున్నాననీ రాశాను. చవకబారు ఎత్తు అని తెలుసు.

దీని వల్ల ఏదో అయిపోతుందన్న ఆశ నాకేం లేదు. బీరువాలో ఆ ఖాళీ చూడ్డానికి బాగోలేదు, అంతే.

ఏప్రిల్ 23, గురువారం

కాజ్ ఇవాళ నా చెయ్యి నొక్కాడు. లేదా దగ్గు వచ్చింది.

ఏప్రిల్ 29, బుధవారం

వచ్చింది! పోస్టు మనిషి వెళ్లేదాకా కూడా ఆగలేక వాకిట్లోనే చింపాను. లోపలి పేజీలో నీలి సిరాతో హబ్ టార్కింగ్టన్. పెద్ద 'టీ' అక్షరం, దాని తల మీద అడ్డగీత పేరు చివరిదాకా సాగి ఉంది. ఎమ్మెట్ దగ్గర, హబ్ ఆడే రోజుల్లో సంతకం పెట్టిన పాత బంతి మీద ఉన్నట్టే. ఎమ్మెట్ అంటే కాజ్ స్నేహితుడు, బార్బర్ షాపు అతనిది, అతనిదీ ఇదే పిచ్చి. ఆ బంతిని కాజ్ అరువు తెచ్చుకుని, బల్ల మీద దీపం కింద పెట్టుకుని, ఎన్ని నెలలు చూశాడో. అడిగి అడిగి విసిగిపోయి ఎమ్మెట్ ఒక ఆదివారం వచ్చి బంతి పట్టుకుపోయాడు.

పార్సిల్ మీద ఫోను నంబరు ఉంది. రేపు చేసి థాంక్స్ చెప్తాను.

ఏప్రిల్ 30, గురువారం

చేయకుండా ఉండాల్సింది. కాదు, చేయడమే మంచిదైంది. ఏమో.

ఫోను హబ్ భార్య ఎత్తింది. పేరు నెల్డా. గొంతు సన్నగా, మర్యాదగా ఉంది. నేనేమో ఆపకుండా వాగాను. మీ ఆయనకి నా దండాలు చెప్పండి, మా ఆయన కన్ను మామూలు కన్ను కాదు, దొంగ సంతకాన్ని గది అవతల నుంచే పట్టేస్తాడు, అలాంటివాడి చేతిలో ఈ పుస్తకం పెట్టబోతున్నానంటే నాకు ఎంత గర్వంగా ఉందో అంటూ.

అవతల కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.

"బెర్నీస్ గారూ, అది ఆయన పెట్టింది కాదు. నేను పెట్టాను" అంది.

నేను కూర్చున్నాను. ఆమె అంతా చెప్పింది. హబ్‌కి జ్ఞాపకం పోయి చాలా కాలమైంది. ఆటా గుర్తు లేదు, పుస్తకం రాశానన్నదీ గుర్తు లేదు. ఊళ్లో వాళ్లకి కూడా తెలియనివ్వకుండా నెట్టుకొస్తోంది. పుస్తకాలు వస్తే తిప్పి పంపేస్తుంది. నా కార్డు చదివాక మాత్రం పంపేయడానికి మనసొప్పలేదట. ఆయన పాత సంతకం ముందు పెట్టుకుని పొద్దంతా కాగితాల మీద రాసి, చెయ్యి కుదిరాక పుస్తకం మీద పెట్టిందట.

"మోసం చేశాను. తిట్టాలనుంటే తిట్టండి" అంది.

నాకు తిట్టు రాలేదు. మీరు అన్నం తిన్నారా అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు. ఆమె తినలేదట. వంటిల్లు దాకా వెళ్లి ఏదో ఒకటి తెచ్చుకొమ్మన్నాను. ఆమె ఫోను పక్కన పెట్టి వెళ్లి బిస్కెట్లు తెచ్చుకుని తింటుంటే, నేను ఇక్కడ చెవికి ఆనించుకుని విన్నాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

పుస్తకం కాజ్‌కి ఇచ్చేస్తాను. హబ్ పెట్టిందనే చెప్తాను. ఎలాగూ అతనికి తెలీదు కదా.

ఇప్పుడే రాసిన ఆ మాట చదువుకున్నాను. లొరెట్టా మాట, నా చేతిరాత.

మే 2, శనివారం

ఇది ఇప్పుడే రాసెయ్యాలి.

శనివారాలు ఎమ్మెట్ హోమ్‌కి వెళ్లి కాజ్‌కి గడ్డం గీస్తాడు. అయ్యాక మా ఇంటికి వచ్చి కాఫీ తాగుతాడు. ఇవాళ వంటింటి బల్ల మీద హబ్ పుస్తకం చూశాడు. కప్పు కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, పేజీ తెరిచి, పుస్తకాన్ని గిర్రున తిప్పి తలకిందులుగా పట్టుకున్నాడు.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. "ఎందుకలా తిప్పావు?" అన్నాను.

"దేన్ని?"

"పుస్తకాన్ని, ఎమ్మెట్. తలకిందులుగా ఎందుకు తిప్పావు?"

అతను నన్ను వింతగా చూశాడు. "సంతకం చూడాలంటే అలాగే చూడాలి. నిటారుగా చూస్తే పేరు చదివేస్తాం, కన్ను మోసపోతుంది. తిప్పి పట్టుకుంటే పేరు పోతుంది, గీతలు మిగుల్తాయి. ఎక్కడ చెయ్యి ఆగింది, ఎక్కడ తడబడింది, అన్నీ కనిపిస్తాయి. నాకిది నేర్పిందే నీ మొగుడు. ఇన్నేళ్ల కాపురంలో నువ్వెప్పుడూ చూళ్లేదా?"

చూడలేదు. అతను ఆ పని గదిలో తలుపు వేసుకుని చేసుకునేవాడు. నేను మెట్ల కింద నుంచి భోజనానికి పిలిచేదాన్ని.

చేతిలో గరిటె ఎక్కడ పెట్టానో తెలీదు. ఎమ్మెట్‌ని పట్టుకుని ఏడ్చాను. పాపం, హబ్ సంతకం దొరికిన సంతోషం అనుకున్నాడు. "సంతకం దివ్యంగా ఉంది, అసలు సరుకే" అని నా వీపు తట్టాడు. నెల్డాకిచ్చిన మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మా ఆయన తెలియక తలకిందులుగా పట్టుకోలేదు. చూశాడు. ప్రతిసారీ నేను సరిచేస్తుంటే ఎంత చిరాకు పడ్డాడో!

మే 4, సోమవారం

మూడు అసలువి, నాలుగోది హబ్‌ది పట్టుకెళ్లాను. తలుపు దగ్గరగా వేసి, చక్రాల బల్ల అతని ముందుకి లాగి, ఒక్కొక్కటే ఇచ్చాను. పేజీ తెరిచాను గానీ నోరు మెదపలేదు. మొదటిది తిప్పాడు, చూశాడు, మూసి తన పక్కన పరుపు మీద పెట్టుకున్నాడు. రెండోది అంతే. మూడోదీ అంతే.

హబ్‌ది ఇచ్చాను. కాజ్ దాన్ని తిప్పాడు. ముఖం పేజీ దగ్గరకి వంచాడు. ఎడమ బొటనవేలు ఆ పెద్ద 'టీ' మీద ఆనించి, అడ్డగీత వెంట చివరిదాకా జరిపాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. పుస్తకం మూశాడు. పరుపు మీద పెట్టుకోలేదు. బల్ల అవతలి అంచుకి, ఎంత దూరం తోయగలడో అంత దూరం తోసేసి, కుళ్లిన చేపని ముట్టుకున్నట్టు వేళ్లు దుప్పటికి తుడుచుకున్నాడు.

నేను నవ్వాను. కట్టుడు పళ్లు ఉన్నవాళ్లెవరూ నవ్వకూడనంత గట్టిగా నవ్వాను. ఎమ్మెట్ కూడా మోసపోయిన సంతకం! నా మొగుడు ఒంట్లో సగం పోయి కుర్చీలో కూర్చుని పట్టేశాడు. అతను అక్కడే ఉన్నాడు. ఇన్నాళ్లూ అక్కడే ఉన్నాడు.

ముఖం పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. నెల్డా సంగతి అంతా చెప్పాను. అతనికి చెప్తే ఎవరికీ చెప్పినట్టు కాదు. హబ్‌కి ఏమయిందో, ఆమె కాగితాల మీద పొద్దంతా ఎలా నేర్చుకుందో, భర్త చేతిని తన చేతిలోకి ఎలా తెచ్చుకుందో. కాజ్ విన్నాడో లేదో తెలీదు. కిటికీ వైపు తిరిగాడు. యార్డులో బొగ్గు బండి వెళ్తోంది.

మే 5, మంగళవారం

ట్వైలా ఏదో తరగతులకని హారిస్‌బర్గ్ వెళ్లింది, మీటింగు రోజుకి గానీ రాదు. డాక్టరు ప్రిచెట్‌కి చెప్పాను. ఓపికగా విన్నాడు. అప్పుడు గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరన్నాను. మీటింగులో అందరి ముందూ చేసి చూద్దాం అన్నాడు.

లొరెట్టాకి ఫోను చేశాను. "అమ్మా, పుస్తకం తలకిందులుగా పట్టుకోవడం తెలివి ఉన్నట్టు గుర్తంటావా?" అంది. అవును, అదే అంటాను.

మే 10, ఆదివారం

మదర్స్ డే. లొరెట్టా పువ్వులు తెచ్చింది. అవి బాగున్నాయి.

సోమవారం తర్వాత పుస్తకాలు పట్టుకెళ్లలేదు. అతను అలిసిపోకూడదని. ట్వైలా లేకుండా చేయిస్తే వృథా కదా అని. వెళ్లి పక్కన కూర్చుని రేడియోలో పైరేట్స్ జట్టు ఆట పెడతాను. ఓడిపోతున్నారు.

అలిసిపోతాడని కాదు. మళ్లీ చెయ్యడేమోనని.

మే 13, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

గదిలో డాక్టరు ప్రిచెట్, ట్వైలా, లొరెట్టా, నేను. కాజ్‌కి నీలం చొక్కా వేశాను. అవే నాలుగు పుస్తకాలు. వాళ్లకి ముందే చెప్పాను, మూడు అసలువి, ఒకటి నకిలీ, చూడండి ఏం చేస్తాడో అని. నకిలీ ఏదో డాక్టరు చెవిలో మాత్రం చెప్పాను. నా గొంతు నాకే సంతలో గారడీవాడి గొంతులా వినిపించింది.

మొదటిది తిప్పి చూసి పక్కన పెట్టుకున్నాడు. ట్వైలా ముందుకి వంగింది. రెండోది, మూడోది. లొరెట్టా చేతిరుమాలు నలుపుతోంది. నాలుగోది ఇచ్చాను. తిప్పాడు. బొటనవేలు అడ్డగీత మీద నడిచింది. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. నన్నే, సూటిగా. పుస్తకం మూసి, తక్కిన మూడింటి మీద, అన్నిటికంటే పైన పెట్టుకున్నాడు.

డాక్టరు కలం తీశాడు. ఎంత మెల్లగా తీశాడంటే, అతన్ని తిట్టడానికి కూడా నాకు కుదరలేదు.

"కాజ్, ఏం చేస్తున్నావు? మొన్న తోసేశావు కదా" అన్నాను. అతను పుస్తకాల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. లొరెట్టా వచ్చి నా నడుం చుట్టూ చెయ్యి వేసి, "చాలమ్మా, ఇంక చాలు" అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. లొరెట్టా మీద కాదు, కాజ్ మీద. ఇంత తెలిసినవాడివి, ఇవాళ ఒక్కరోజు ఆ తెలివి చూపించి చావచ్చు కదా! నేను వెళ్లి ఆ పైన ఉన్న పుస్తకం పట్టుకున్నాను.

"ఇది దొంగ సరుకు. నీ బీరువాలో దీనికి చోటు లేదు. చెత్తబుట్టలో పారేస్తున్నా" అని లాగాను.

రాలేదు. ఆ ఎడమచెయ్యి దాన్ని పట్టుకుంది. లాగాను. వదల్లేదు. అతని ముఖం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి, పెదాలు ఒక పక్కకి వంకర పోయి కదిలాయి. మళ్లీ ఏదో అవుతోందనుకుని ట్వైలాని కేకేశాను. ట్వైలా చెయ్యి ఎత్తి నన్ను ఆగమంది.

"నె," అన్నాడు. ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "నెల్డా."

మార్చి నుంచి ఆ గొంతు వినలేదు నేను. తుప్పు పట్టి ఉంది గానీ అతని గొంతే.

ట్వైలా అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నెల్డా ఎవరండీ?" అని నన్నడిగింది. ఒకపక్క నెల్డాకిచ్చిన మాట, ఒకపక్క ఏడుపు. చివరికి చెప్పేశాను. సంతకం హబ్ భార్యదనీ, ఆమె పేరు నేను ఈ గదిలో ఒకే ఒక్కసారి అన్నాననీ. ఈ సంగతి గది దాటితే ఒక్కొక్కరి చెవులు పిండుతాననీ చెప్పాను. డాక్టరు ప్రిచెట్ కూడా తల ఊపాడు.

ట్వైలా పుస్తకం తెరిచి కాజ్‌కి చూపించింది. "ఇది హబ్ పెట్టిన సంతకమేనా అండీ?"

కాజ్ అడ్డంగా తల ఊపాడు. చిరాగ్గా. చిన్నపిల్లకి చెప్పినట్టు వేలితో గీత మీద కొట్టి, "నెల్డా" అన్నాడు. మూసి మళ్లీ అన్నిటి పైనా పెట్టుకున్నాడు.

నకిలీ అని తెలిసే ఉంచుకున్నాడు. ఒక్క దొంగ గీత ఉన్నా గుమ్మం దాటనివ్వనివాడు, మొగుడి పేరు కోసం ఒక ఆడమనిషి పొద్దంతా కూర్చుని నేర్చుకున్న చెయ్యిని తన దగ్గర పెట్టుకున్నాడు. ఆ మంచితనంతో నన్ను నిలువునా ముంచబోయాడు.

లొరెట్టా కింద కూర్చుని నాన్న మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. అతను ఎడమచెయ్యి పుస్తకాల మీంచి తీసి దాని జుట్టులో పెట్టాడు. డాక్టరు కలం మూసేశాడు. శిక్షణ ఆపేది లేదు, వేసవంతా సాగుతుంది, ఆ తర్వాత ఇంటికే అన్నాడు. ఇంటి వాకిట్లో మెట్లెన్ని ఉన్నాయని అడిగాడు.

నలభై ఏళ్లు పైబడిన కాపురం. మంచులో శాండ్‌విచ్‌లు మోసింది నేను. నా మొగుడు మాట తిరిగొచ్చి మొట్టమొదట అన్నది పరాయి ఆడదాని పేరు. ఇది మాత్రం బతికున్నంతకాలం దెప్పుతాను.

మే 15, శుక్రవారం

మాట తప్పానని చెప్పుకోవాలి కదా. మధ్యాహ్నం కాజ్ గదిలోంచే నెల్డాకి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పి, క్షమించమన్నాను. ఆమె కోప్పడలేదు. పుస్తకం ఉంచుకున్నాడా అని అడిగింది. అన్నిటికంటే పైన పెట్టుకున్నాడని చెప్పాను. పరాయి ఆడదాని పేరు పలికాడని చెప్తే ఫక్కున నవ్వింది.

తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఎలా అన్నాడు?" అంది.

"నెల్డా అని."

"అది కాదు. ఆయన ఎలా అన్నాడు?" తనే మళ్లీ చెప్పింది. "హబ్ నన్ను ఎవరో నర్సమ్మాయి అనుకుంటాడు. మర్యాదగానే ఉంటాడు. అమ్మాయ్ అంటాడు. మా ఇంట్లో మగగొంతు నా పేరు పలికి చాలా కాలమైంది, బెర్నీస్."

ఫోను తీగ చాలకపోతే బల్ల జరిపి, మంచం మీద కూర్చుని, రిసీవరు కాజ్ నోటి దగ్గర పెట్టాను. అవతల ఎవరున్నారో చెప్పాను. అతను నా వైపు చూశాడు. నిన్నటి నుంచి ట్వైలా 'నీళ్లు' అనిపించాలని చూస్తోంది, రావడం లేదు. ఇదీ రాదేమో అనుకున్నాను. పెదాలు కదిపాడు, రాలేదు. కళ్లు మూసుకున్నాడు. అవతల నెల్డా తొందర పెట్టలేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నేను అతని మెడ వెనక చెయ్యి వేసి పట్టుకున్నాను.

"నెల్డా," అన్నాడు.

అవతల నుంచి ఆమె "ఆఁ, ఇక్కడే ఉన్నాను" అని పలికింది.